స్టెప్నీ ఎక్కడికి పోద్ది?

మొన్న డిసెంబరులో ఒక శనివారం తెల్లవారుజామున మూడున్నరకి స్టేషన్‌కి వెళ్దామని మా అపార్ట్‌మెంట్ సెల్లారులోకి దిగాను. పక్క ఫ్లాటాయన లంబసింగి ప్రయాణం కడుతున్నారు. తెల్లారేసరికి అక్కడుంటేనే మంచు, కాబట్టి విశాఖ వాళ్ళకి లంబసింగి వెళ్ళడమంటే ఆ రాత్రికి నిద్ర మానుకోవడమే. కొత్త ఎలక్ట్రిక్ కారు. డిక్కీలో రెండు సూట్‌కేసులు, రగ్గుల మూట, పులిహోర డబ్బా. వాటి మధ్యలో నిలబెట్టి ఇరికించిన ఒక చక్రం.

"కట్టలేదేంటి సార్?" అన్నాను.

"దేన్ని?"

"స్టెప్నీని."

"ఇంత సామాను మధ్య ఎక్కడికి పోద్ది మాస్టారూ!" అని నవ్వి, డిక్కీ తలుపు ధడాలున వేసేశారు.

ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. నాకంటే బాగా మా అమ్మ నడుముకి తెలుసు. ఆ సంగతి తర్వాత చెప్తాను. రెండేళ్ళుగా ఈ స్టెప్నీ గొడవ మీద మా బావతో, పంక్చర్ షాపు కుర్రాడితో, ఎవరూ దొరక్కపోతే నాతో నేనే వాదించుకుంటున్నాను. మొదట్లో నా ఎలక్ట్రిక్ కారుతో పాటు కంపెనీ వాళ్ళు అదనపు చక్రం ఇవ్వలేదని మండిపడేవాణ్ణి. ఇప్పుడు ఆ కోపం లేదు. చక్రం బజార్లో దొరుకుతుంది. దాన్ని కట్టుకునే చోటు మాత్రం దొరకదు. నా కోపమంతా ఇప్పుడు ఆ చోటు మీదే.

అనంతగిరి దిగువన

రెండేళ్ళ క్రితం అరకు నుంచి తిరిగొస్తున్నాం. నేను, మా ఆవిడ, అమ్మ, మా చిన్నాడు. అనంతగిరి దాటి ఘాట్ దిగుతుండగా మలుపులో బస్సు ఎదురొచ్చింది. దారిద్దామని ఎడమ పక్కకి జరిపాను. అక్కడ తారు అంచు విరిగిపోయి, మొన తేలిన రాయి ఒకటి ఉంది. వెనక ఎడమ చక్రం దానికి రాసుకుంది. పెద్ద చప్పుడేమీ రాలేదు. డాష్‌బోర్డు మీద గాలి అంకె మాత్రం 33 నుంచి 21కి, 21 నుంచి 9కి పడిపోయింది.

దిగి చూస్తే టైరు గోడ మీద బొటనవేలంత చీలిక. కారుతో ఇచ్చిన కిట్టు తీశాను. ఒక సీలెంట్ డబ్బా, అంటే టైరు కన్నాన్ని లోపల్నుంచి పూడ్చే జిగురు, సిగరెట్ లైటర్ సాకెట్‌కి పెట్టుకునే గాలి మిషను. ఆ డబ్బా మీదే బొమ్మ గీసి ఉంది: నేలకి ఆనే భాగంలో మేకు దిగితే టిక్కు, పక్కగోడ కోసుకుంటే ఇంటూ. చూస్తూ చూస్తూనే ఎక్కించాను. ఆశ కదా. ఎక్కించిందంతా చీలికలోంచి తెల్లగా కారిపోయింది. "నాన్నా, టైరులోంచి పాలొస్తున్నాయి" అన్నాడు మా చిన్నాడు.

ఫోనుకి సిగ్నల్ లేదు. కిలోమీటరు కిందకి నడిస్తే బొంగులో చికెన్ అమ్మే బడ్డీ దగ్గర ఒక గీత వచ్చింది. కంపెనీ సహాయ కేంద్రం వాళ్ళు చాలా మర్యాదగా మాట్లాడారు. బండి వైజాగ్ నుంచి రావాలన్నారు. ఈలోగా అటుగా వచ్చిన జీపు డ్రైవరు ఆగి, "తాడుందండీ, ఎస్‌.కోట దాకా లాగీమంటారేటి?" అన్నాడు. వద్దనాల్సి వచ్చింది. ఎలక్ట్రిక్ కారు చక్రాలు నేల మీద దొర్లుతుంటే లోపల మోటారూ తిరుగుతుంది, తిరిగితే కరెంటు పుడుతుంది, అలా లాగితే లోపలి సామాను పాడవ్వచ్చు. నాలుగు చక్రాలూ నేలని తాకకుండా లారీ మీదకెక్కించే తీసుకెళ్ళాలని మాన్యువల్లో రాసి ఉంది. పైగా టైరు లేకుండా ఘాట్ దిగడం ఏ కారుకైనా పిచ్చిపనే. ఇదంతా చెప్తే ఆయన కారు చుట్టూ ఒకసారి తిరిగి, "అయితే మార్చడానికీ లేదు, లాగడానికీ లేదు" అన్నాడు. రెండు సంవత్సరాల్లో ఈ విషయం మీద నేను విన్న అన్ని మాటల్లోకీ అదే పదునైనది.

లారీ రావడానికి అయిదు గంటలు పట్టింది. చీకటి పడింది. అప్పుడు ఒక చిన్న విషయం చూశాను. లారీ మీదకి కారెక్కించాక డ్రైవరు నాలుగు చక్రాలకీ నాలుగు బెల్టులు వేసి, రాచెట్ (వెనక్కి జారకుండా బిగించే పిడి) తిప్పి బిగించి, ఒక్కోదాన్నీ చేత్తో లాగి చూశాడు. మళ్ళీ దిగి, కారుని భుజంతో నెట్టి చూశాడు. పదిహేను వందల కిలోల కారు ఎక్కడికి పోద్ది అని ఆయన అనుకోలేదు.

స్టెప్నీ లేని కాలం కొత్తది కాదు

చట్టప్రకారం కంపెనీది తప్పేం లేదు. 2020 జులైలో కేంద్ర రవాణా శాఖ మోటారు వాహనాల నిబంధనలు సవరించింది. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే చెప్పే సెన్సర్లు, రిపేరు కిట్టు ఈ మూడూ ఉంటే మామూలు కార్లకి స్టెప్నీ అక్కర్లేదంది. మిగిలిన చోటులో ఎలక్ట్రిక్ బండ్లకి పెద్ద బ్యాటరీ పట్టొచ్చన్నది అప్పుడు చెప్పిన కారణాల్లో ఒకటి.

నిజానికి స్టెప్నీ పుట్టిందే కార్లకి అదనపు చక్రం లేని కాలంలో. 1904లో వేల్స్‌లోని లనెల్లీ అనే ఊళ్ళో డేవిస్ అన్నదమ్ములు స్టెప్నీ వీధిలో ఈ వ్యాపారం పెట్టారు. ఆ వీధి పేరే మన నోట్లో మిగిలిపోయింది. వాళ్ళు అమ్మింది పూర్తి చక్రం కాదు. ఆకులు లేని ఒట్టి రిమ్ముకి గాలి నింపిన టైరు తొడిగి, పంక్చరైన చక్రం పక్కనే దాన్ని క్లాంపులతో బిగించేవారు. అంటే మొదటి స్టెప్నీలో సగం సంగతి టైరు, సగం సంగతి బిగించే క్లాంపు. ఈ రెండో సగాన్నే మనం మర్చిపోయాం.

మా నాన్నగారి చేతక్ స్కూటరుకి వెనక స్టెప్నీ ఉండేది. ముందు చక్రమైనా వెనక చక్రమైనా అదే కొలత, దేనికైనా వేసుకోవచ్చు. ఆదివారం పొద్దున ఆయన స్కూటరు కడిగేటప్పుడు స్టెప్నీ బోల్టుల్ని పానాతో ఒక్కోటీ తిప్పి చూడటం నాకింకా గుర్తు. అదే పేరుతో 2020 జనవరిలో ఎలక్ట్రిక్ చేతక్ వచ్చింది. దానికి స్టెప్నీ లేదు. ఎవరూ అడిగినట్టు కూడా లేదు, ఎందుకంటే ఆపాటికి స్కూటర్ల మీద స్టెప్నీ పోయి చాలాకాలమైంది. కార్ల విషయంలోనూ ఇంకో పదేళ్ళకి అంతేనేమో. నా గోలంతా అప్పటిదాకా గడవాల్సిన ఈ పదేళ్ళ గురించే.

బ్యాటరీ వల్లే చోటు లేదన్న మాట మాత్రం సగమే నిజం. బ్యాటరీ ఉండేది ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్యన, సీట్ల కింద. స్టెప్నీ గుంట ఉండేది డిక్కీ అడుగున, వెనక ఇరుసుకి అవతల. వెనక మోటారున్న కార్లకి అక్కడ ఇబ్బందే, ఒప్పుకుంటాను. మిగతావాటి సంగతేంటి? తలచుకుంటే చోటు దొరుకుతుంది. 2023లో టాటా వాళ్ళు ఆల్ట్రోజ్‌కి సీఎన్‌జీ పెట్టినప్పుడు రెండు సిలిండర్లు డిక్కీ అడుగున సర్ది, స్టెప్నీని బండి కింద వేలాడదీశారు. బండి కింద వేలాడదీస్తే మన ఊళ్ళో ఇంకో బాధ ఉంది, ఉప్పుగాలి. బీచ్ రోడ్డు వైపు ఉండేవాళ్ళని అడగండి. స్టెప్నీని దించే గొలుసు తుప్పుపట్టి, అవసరమైన రోజున పానాకి కదలక, చివరికి హ్యాక్‌సా బ్లేడుతో కోసుకున్నవాళ్ళు నాకు తెలుసు. అయినా అదొక చోటు. దాన్నక్కడ ఎవరో ఆలోచించి పెట్టారు.

మా బావ వాదన

మా బావది మర్రిపాలెం. నాలుగేళ్ళుగా ఎలక్ట్రిక్ కారు నడుపుతున్నాడు. స్టెప్నీ లేదు, బెంగ లేదు. "ఒగ్గేయ్ బావా. ఎన్‌ఏడీ నుంచి మద్దిలపాలెం దాకా ఎన్ని పంక్చర్ షాపులున్నాయో లెక్కెట్టు. కారు ఆపి కేకేస్తే పరిగెత్తుకొస్తారు" అంటాడు.

నేనూ లెక్క చూసుకున్నాను. కారు కొన్నాక ఊళ్ళో నాకు మూడు పంక్చర్లయ్యాయి. మూడూ మేకులే, అందులో రెండు గాజువాక వైపు, ఇనప తుక్కు లారీలు తిరిగే దారిలో. ఒక్కసారి కూడా చక్రం విప్పాల్సిన పని పడలేదు. గాలి అంకె తగ్గుతోందని కారే చెప్పింది, మెల్లగా నడుపుకుంటూ షాపుకెళ్ళాను, కుర్రాడు కన్నంలోకి రబ్బరు పుల్ల గుచ్చి పది నిమిషాల్లో పంపేశాడు. సీలెంట్ పోస్తేనే వాడికి కోపం. "ఆ జిగురు మీరు పోసుకుంటారు, కడుక్కునేది మేం సార్" అంటాడు. అప్పట్నుంచి కారులో ఆ పుల్లల కిట్టు ఒకటి పెట్టుకున్నాను, డబ్బా మీద గడువు తేదీ కూడా చూసుకుంటున్నాను. సీలెంట్‌కి గడువుంటుందన్న సంగతి చాలామందికి తెలియదు, కారు కొన్ననాటి డబ్బానే పదేళ్ళు పనిచేస్తుందనుకుంటారు.

స్టెప్నీ బరువుకి రేంజి, అంటే ఒక చార్జింగ్‌కి నడిచే దూరం, తగ్గిపోద్దని బావ అంటే మాత్రం ఒప్పుకోను. నా స్టెప్నీని కిరాణా కొట్టు కాటా మీద పెట్టి తూయించాను, 18 కిలోల 400 గ్రాములు. మనుషులతో కలిపి కారు బరువులో అది నూటికి ఒక పాలు. రేంజిలో తేడా ఉంటే ఉండొచ్చుగానీ, ఏసీ ఒక గడి పెంచితే పోయేంత కూడా కాదు.

అతని రెండో ప్రశ్నకి మాత్రం నా దగ్గర మంచి జవాబు లేదు. "సరే, ఉందనుకో. ఘాట్ మలుపులో, బస్సులొచ్చే చోట, అత్తయ్యనీ పిల్లాణ్ణీ రోడ్డు పక్కన నిలబెట్టి నువ్వు చక్రం మారుస్తావా?" నిజమే. స్టెప్నీ ఇవ్వని కంపెనీ జాకీ కూడా ఇవ్వదు. విడిగా కొనుక్కోవాలి. కొన్నాక దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియాలి, ఎందుకంటే కారు కింద నడిమధ్యంతా బ్యాటరీ పళ్ళెమే. పాత కారు అలవాటులో చేతికందిన చోట జాకీ పెట్టి ఎత్తితే టైరుకి పోయేది బ్యాటరీకి చుట్టుకుంటుంది. అంచు పట్టీ మీద గుర్తులున్న నాలుగు చోట్లు తప్ప వేరే చోట పెట్టకూడదు. నేను సెల్లారులో రెండుసార్లు అభ్యాసం చేశాను. మొదటిసారి నలభై నిమిషాలు, రెండోసారి ఇరవై అయిదు. వాచ్‌మేన్ కుర్చీ తెచ్చుకుని మరీ చూశాడు.

కాబట్టి బావతో సగం రాజీపడ్డాను. ఊళ్ళో తిరిగేటప్పుడు స్టెప్నీ ఇంట్లోనే. అరకు, పాడేరు, లంబసింగి అంటే కారులో. కానీ ఇక్కడే పెద్ద చిక్కు. స్టెప్నీ అవసరమయ్యేది దూరం వెళ్ళినప్పుడే, డిక్కీ నిండా సామానుండేదీ అప్పుడే. నా టైరు కొలత 215/60 ఆర్16, అంటే 66 సెంటీమీటర్ల గుండ్రం, దాదాపు 22 సెంటీమీటర్ల మందం. లెక్కకి 70 లీటర్ల పైచిలుకేగానీ, గుండ్రటి వస్తువు చుట్టూ మిగిలే మూలల్లో చెప్పుల సంచులు తప్ప ఏమీ పట్టవు.

సన్న టైరు కొనుక్కోవచ్చు కదా అనొచ్చు. ఆటోనగర్‌లో నాకూ ఒకటి చూపించారు, వేరే కారుది, బోల్టులు సరిపోతున్నాయి, సగం చోటులో ఇమిడిపోతుంది. టైరు మీద అంకె చూశాను: 84. అంటే అది మోయగలిగేది 500 కిలోలు. నా కారు మనుషులూ సామానుతో రెండు టన్నులకి దగ్గర, ఒక్కో చక్రం మీద అయిదొందలు పడుతుంది. ఘాట్ దిగేటప్పుడు బ్రేకు వేస్తే ముందు చక్రాల మీద ఇంకా ఎక్కువ. "చిన్న దూరానికేం కాదు సార్" అన్నాడు షాపాయన. ఏం కాకపోవచ్చు. కానీ మోటారు తిప్పే చక్రాల జతలో ఒకటి చిన్నదీ ఒకటి పెద్దదీ ఉండటం మంచిది కాదు, ముందు టైరు పోతే వెనకది విప్పి ముందుకేసి, సన్నది వెనక్కి వెయ్యాలి. వర్షంలో, ఘాట్ మీద, రెండుసార్లు జాకీ! పూర్తి కొలత టైరే కొన్నాను.

అమ్మ నడుము

ఇప్పుడు ఆ సంగతి. స్టెప్నీ కొన్న మొదటి నెలలో భీమిలి నుంచి వస్తున్నాం. కార్పెట్‌కి మట్టి అంటకూడదని డైనింగ్ టేబుల్ మీది పాత ప్లాస్టిక్ షీటు పరిచి, దాని మీద చక్రాన్ని పడుకోబెట్టాను. నిలబెట్టలేదు కాబట్టి దొర్లదు, తెలివైన పని చేశాననే అనుకున్నాను. హనుమంతవాక దగ్గర ముందున్న ఆటో చెయ్యి కూడా చూపించకుండా ఆగింది. గట్టిగా బ్రేకు వేశాను. గుద్దలేదు, జానెడు దూరంలో ఆగాం. ఆగిన అరక్షణానికి వెనకనుంచి ధబ్బుమని చప్పుడు, అమ్మ "అమ్మో" అంది.

ప్లాస్టిక్ షీటు మీద చక్రం జారుకుంటూ వచ్చి వెనక సీటు వీపుని గుద్దింది. సీటు విరగలేదు. అమ్మ మాత్రం వారం రోజులు నడుముకి మందు రాసుకుంది. "పెట్టెలో దయ్యాన్ని పెట్టుకు తిరుగుతున్నావేంట్రా" అంది.

ఇది ఒట్టి బ్రేకు. నిజంగా గుద్దుకుంటే? 50 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారు దేన్నయినా గుద్దుకుని సెకనులో పదో వంతులో ఆగిందనుకుందాం. ఆ క్షణంలో డిక్కీలోని ప్రతి వస్తువూ తన బరువుకి పద్నాలుగు రెట్లతో ముందుకి తోస్తుంది. నా 18 కిలోల చక్రం 250 కిలోలతో సీటు మీద పడుతుంది. దానికీ సీటుకీ మధ్య ఖాళీ ఉంటే ఇంకా ఘోరం, పరిగెత్తుకొచ్చి గుద్దినట్టు. స్టెప్నీ లేకపోతే అయిదు గంటలు రోడ్డు మీద కూర్చుంటాం. కట్టని స్టెప్నీ ఉంటే మన వీపు వెనక దాన్ని మనమే పెట్టుకున్నట్టు. ఈ రెంటిలో నేను మొదటిదే కోరుకుంటాను, అనంతగిరిలో కూర్చున్నవాడిగా చెప్తున్నాను.

కొన్నాళ్ళు దాన్ని వెనక సీటులో పెట్టి సీటు బెల్టు వేశాను. "మనుషులకి చోటు లేదుగానీ చక్రానికి సీటు, దానికో బెల్టు" అంది మా ఆవిడ. వెనక సీటులో తను ఒక్కరోజూ బెల్టు పెట్టుకోదన్నది వేరే సంగతి. ముందు బానెట్ కింద ఖాళీ ఉంది కదా అని ఒకాయన సలహా ఇచ్చారు. పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌కి స్టెప్నీ ముందే ఉండేది, అద్దం కడిగే నీళ్ళని చిమ్మడానికి ఆ టైరులో గాలినే వాడుకునేవారు కూడా. సరదాగానే ఉంటుంది. కానీ ఆ బండిని దానికోసం అలా తయారుచేశారు. మన కార్ల ముందు భాగం గుద్దుకున్నప్పుడు నలగడానికి ఉన్నది. అక్కడ ఇనప చక్రం పెడితే నలగాల్సింది నలగదు.

చివరికి గాజువాకలో లారీ సామాన్లు అమ్మే కొట్టుకెళ్ళాను. రెండు రాచెట్ బెల్టులు అడిగితే, "దేనికి బాబూ?" అన్నాడు పెద్దాయన. చెప్పాను. తన కొట్టు ముందున్న పాత రిమ్ము తెచ్చి నేల మీద పడేసి చూపించాడు. బెల్టు పైనుంచి వేస్తే జారిపోద్ది. మధ్య కన్నంలోంచి దూర్చి, రిమ్ము సందుల్లోంచి పైకి తీసి, రెండోది అడ్డంగా వేసి, కిందకీ ముందుకీ లాగి పట్టాలి. చక్రానికీ సీటుకీ మధ్య వేలు దూరకూడదు. "బిగించాక పది కిలోమీటర్లెళ్ళి ఆగి మళ్ళీ బిగించు. కొత్త ముడి ఎప్పుడూ అబద్ధమాడుద్ది" అన్నాడు. ఆ కొట్లో గడిపిన అరగంట, షోరూమ్‌లో కారు కొంటున్నప్పుడు గడిపిన మూడు గంటల కంటే నాకెక్కువ నేర్పింది.

కట్టడానికి మాత్రం ఏముంది? నా కారు డిక్కీలో పక్కగోడలకి నాలుగు ప్లాస్టిక్ కొక్కేలున్నాయి. ఒక్కోదాని మీద 3 కిలోలని అచ్చుకొట్టి ఉంది, కూరల సంచులకన్నమాట. కార్పెట్ ఎత్తితే సీటు మొదట్లో రెండు ఇనప రింగులు కనిపించాయి. ప్రాణం లేచొచ్చింది. వాటికే కడుతున్నాను. వెనక వైపు రింగుల్లేవు, అక్కడ ఒట్టి నురగ దిమ్మె. ఆ రెండు రింగులు ఎంత బరువుకి నిలుస్తాయో మాన్యువల్లో అంకె వెయ్యలేదు. సహాయ కేంద్రానికి రాస్తే, "మీ మోడల్‌కి స్పేర్ వీల్ వర్తించదు" అని జవాబొచ్చింది. నేనడిగింది చక్రం గురించి కాదు, రింగుల గురించి.

డిక్కీ అడుగున నాలుగు ఇనప రింగులు వెల్డింగ్ చెయ్యడానికి ఎంతవుతుంది? స్టెప్నీ కోసమే కానక్కర్లేదు. గ్యాస్ బండైనా, బియ్యం బస్తా అయినా, ఇన్వర్టర్ బ్యాటరీ అయినా జనం ఎలాగూ డిక్కీలో వేసుకెళ్తారు. వద్దంటే మానరు. చక్రం తీసేసేవాడు, జనం మళ్ళీ ఒకటి కొని లోపల పడేస్తారని ఊహించలేడా? కాయితం మీద స్టెప్నీ లేదు కాబట్టి దాన్ని కట్టాల్సిన బాధ్యతా లేదన్నట్టుంది వ్యవహారం. కానీ సెల్లారులో ఉంది, డిక్కీలో ఉంది, అమ్మ వీపు వెనక ఉంది.

పక్క ఫ్లాటాయన లంబసింగి నుంచి క్షేమంగానే వచ్చారు. తర్వాతి ఆదివారం ఆయనే తలుపు తట్టారు. నర్సీపట్నం దాటాక గేదె అడ్డం వస్తే బ్రేకు వేశారట, రగ్గుల మూట ఉండబట్టి బతికిపోయాం అన్నారు. "ఆ బెల్టులేవో చూపించండి మాస్టారూ." సంతోషంగా దిగాను. డిక్కీ ఖాళీ చేశాం. కార్పెట్ ఎత్తాం. నురగ దిమ్మె తీశాం. దాని కింద చార్జింగ్ కేబుల్ పెట్టుకునే ప్లాస్టిక్ తొట్టి. అదీ తీశాం. కింద నున్నటి రేకు. ఇద్దరం టార్చిలైటు వేసి నాలుగు మూలలూ వెతికాం. ఒక్క రింగు లేదు.

"మరి దేనికి కట్టాలండీ?" అన్నారు, బెల్టు రెండు కొసలూ చేతిలో పట్టుకుని.

ఇప్పుడా స్టెప్నీ సెల్లారులోనే ఉంది. ఎవరైనా ఎత్తుకుపోతారని వాళ్ళబ్బాయి సైకిల్ గొలుసు దాని కన్నంలోంచి దూర్చి, స్తంభానికి చుట్టి తాళం వేశారు.